వీపున వీచే గాలి

ఎదురుగాలి కష్టం, వాలుగాలి సుఖం అని ఒడ్డున ఉన్నవాళ్ళు అనుకుంటారు. తెరచాప పడవ ఎక్కాక, అందులోనూ ఒక్కడే నడుపుకునే చిన్న పడవ ఎక్కాక, ఈ లెక్క తిరగబడుతుంది. ఎదురుగాలికి పోతుంటే ఒళ్ళు తడుస్తుంది, తొడలు పీకుతాయి, అరచేతులు బొబ్బలెక్కుతాయి. కానీ భయం తక్కువ. అసలు భయమంతా గాలి వీపున ఉన్నప్పుడే. ఆ గాలిలో తెరచాపని ఒక పక్క నుంచి రెండో పక్కకి మార్చాల్సి వచ్చినప్పుడు ఆ భయం గొంతులోకి వస్తుంది. ఆ మార్చడాన్ని జైబ్ అంటారు.

నేను చెబుతున్న పడవ లేజర్. కాగితాల మీద దాని పేరు ఇప్పుడు ఐఎల్‌సీఏ అయింది గానీ, నడిపేవాళ్ళ నోట్లో ఇంకా లేజరే. 1969లో కెనడా డిజైనర్ బ్రూస్ కర్బీ ఫోన్లో మాట్లాడుతూ కాగితం మీద గీసిన గీతల్లోంచి పుట్టిందది. కారు టాపు మీద కట్టుకుపోయేంత చిన్న పడవ కావాలన్నది అప్పటి కోరిక. పొడవు 4 మీటర్ల పైచిలుకు, బరువు 60 కిలోల లోపు, తెరచాప ఒక్కటే, 7 చదరపు మీటర్లు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విష్ణు శరవణన్ కాంస్యం తెచ్చింది దీని మీదే. పడవలో రెండో మనిషి ఉండడు. తాడు లాగేదీ, చుక్కాని తిప్పేదీ, బరువు అటూ ఇటూ మార్చేదీ ఒక్కడే. మునిగితే తిట్టుకోవడానికి పక్కన ఎవరూ లేకపోవడం కూడా ఈ పడవ ప్రత్యేకతే.

పడవ దిక్కు మార్చడానికి రెండు దారులున్నాయి. ముక్కు గాలికి ఎదురుగా తిప్పడం ఒకటి, దాన్ని టాక్ అంటారు. అలా తిప్పుతుండగా మధ్యలో ఒక్క క్షణం తెరచాప గాలిని వదిలేసి రెపరెపలాడుతుంది. బలం పోతుంది, మనిషి అవతలి పక్కకి చేరుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. తోక గాలికి తిప్పడం రెండోది, అదే జైబ్. ఇందులో ఆ విరామం ఉండదు. పడవకి కుడివైపు పూర్తిగా చాచి ఉన్న బూమ్, అంటే తెరచాప అడుగున ఉండే గొట్టం, నడినెత్తి మీదుగా తుడిచిపెట్టుకుంటూ వచ్చి ఎడమవైపు అంతే దూరం పోయి ఆగుతుంది. వంగకపోతే తల పగులుతుంది. వంగినా, అది అవతల ఆగిన క్షణాన వచ్చే కుదుపుకి పడవ నిలవాలి.

జూలైలో హుస్సేన్‌సాగర్ మీద గాలి పడమర నుంచి వస్తుంది. నెక్లెస్ రోడ్డు మేడల సందుల్లోంచి దూరి రావడం వల్ల అది ఒక తీరున ఉండదు, విసురు విసురుగా పడుతుంది. ఆ గాలిని వెనకేసుకుని టాంక్‌బండ్ వైపు పోతుంటే ఒక చిత్రం జరుగుతుంది. గాలీ మనమూ ఒకే దిక్కుకి పోతుంటాం కాబట్టి గాలి ఉన్నట్టే తెలియదు. చెవుల్లో హోరు పోతుంది, ఒంటికి ఎండ తగులుతుంది. బుద్ధ విగ్రహం పక్కనుంచి జారిపోతుంటే, ఈ పరుగంతా నా చేతి చలవే అనిపిస్తుంది. అప్పుడొకసారి ముక్కు గాలివైపు తిప్పి చూస్తే తెలుస్తుంది, ఇందాకటి నుంచి వెనక ఎంత ఉందో.

లెక్క పెద్దదేం కాదు. గాలి 20 నాట్లు, అంటే గంటకి 37 కిలోమీటర్లు అనుకుందాం. పడవ అదే దిక్కుకి 10 నాట్ల మీద పోతుంటే తెరచాపకి తగిలేది మిగిలిన 10 మాత్రమే. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, సగం గాలికి తోపు నాలుగో వంతే. అదే పడవ నీటిని ముక్కుతో పొడిచి 5 నాట్లకి పడిపోతే తగిలే గాలి 15 అవుతుంది, తోపు రెండుంపావు రెట్లు పెరుగుతుంది. అందుకే జోరు గాలిలో జైబ్ చేయాల్సింది పడవ అన్నిటికన్నా వేగంగా పోతున్నప్పుడు. సముద్రంలో అయితే అల మీంచి కిందికి జారుతున్నప్పుడు. చెరువులో అలలు చిన్నవి, అక్కడ విసురు వచ్చి పడగానే కాదు, ఆ విసురుకి పడవ అందుకుని పరుగు తీశాక.

కదులుతున్న సిటీ బస్సు ఎక్కినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నిలబడి కమ్మీ పట్టుకుంటే చెయ్యి ఊడొస్తుంది. బస్సుతో పాటు నాలుగడుగులు పరిగెత్తి పట్టుకుంటే ఫుట్‌బోర్డు దానంతటదే కాలికిందికి వస్తుంది.

అర్థమయినంత మాత్రాన ఒళ్ళు వింటుందా? వినదు. వేగం పెరిగేకొద్దీ ఒళ్ళు చెప్పేది ఒక్కటే: ఇప్పుడు కాదు, కాస్త నెమ్మదించాక. మాకు నేర్పినాయన సైన్యంలో పనిచేసి రిటైరయిన మనిషి, ఒడ్డు నుంచి మెగాఫోన్లో అరిచేవారు. "ఆలోచించకండి సార్, తిప్పెయ్యండి!" ఆలోచిస్తున్న సంగతి ఆయనకి అంత దూరం నుంచి ఎలా తెలిసేదంటే, ఆలోచిస్తున్నవాడి పడవ వంకర్లు పోతుంది. చుక్కాని సగం తిప్పి ఆగితే బూమ్ అటో ఇటో తేలక మధ్యలో తచ్చాడుతుంది. పడవ ఒక పక్కకి ఊగి, రెండో పక్కకి ఇంకాస్త ఎక్కువ ఊగి, మూడో ఊపులో నడిపేవాడి మీదికే ఒరిగి బోర్లా పడుతుంది. ఇంగ్లీషులో దానికి చావు దొర్లుడని అర్థం వచ్చే పేరు పెట్టారు. హుస్సేన్‌సాగర్ నీటి వాసన తెలిసినవాళ్ళకి ఆ పేరులో అతిశయోక్తి కనిపించదు.

తిప్పెయ్యడం మాత్రం సగం పనే. బూమ్ నెత్తి దాటుతుండగానే చుక్కానిని వెనక్కి, మొదట తిప్పినదానికి వ్యతిరేకంగా, తిప్పాలి. లేకపోతే తెరచాప కొత్త పక్కన గాలి పట్టుకోగానే పడవ గిరుక్కున గాలివైపు తిరిగి ఒరిగిపోతుంది. అది తిరగడం మొదలెట్టాక సరిచేద్దామంటే ఆలస్యమయినట్టే. ఇంకా రాని కుదుపుకి చెయ్యి ముందే జవాబు చెప్పి ఉండాలి. పైనుంచి చూసేవాళ్ళకి పడవ బాట పాము నడకలా కనిపిస్తుంది. తెగువ గురించి మనం చెప్పుకునే కథల్లో వీరుడు ఒక్కసారి నిర్ణయం తీసుకుని దాన్నే పట్టుకుని ఉంటాడు. ఇక్కడ పూర్తిగా తెగించిన చెయ్యే, పని పూర్తికాకముందే తన తెగింపుని తానే వెనక్కి తీసుకుంటుంది. ఈ రెండో కదలిక నేర్చుకోవడానికి నాకు మొదటిదానికన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఇక తాడు. బూమ్‌ని అదుపు చేసే మెయిన్‌షీట్ దాంతో పాటే ఇటు నుంచి అటు దాటాలి. మధ్యలో వదులయి కిందికి వేలాడి, పడవ వెనక మూలకి తగులుకుంటుంది. లేజర్‌కి పుట్టుకతో ఉన్న జబ్బు ఇది. వేగం కుదిరి, గాలి కుదిరి, గుండె కుదిరి, తీరా మూలకి చిక్కిన తాడు వల్ల బూమ్ పూర్తిగా పోలేక పడవ నీళ్ళలోకి తిరగబడుతుంది. మందు చాలా చిన్నది: బూమ్ కదలబోయే ముందు తాడుని ఒక్క గుంజు గుంజడం. పడవ నడుమ నుంచి నీళ్ళలోకి దిగే పలకని, అంటే డాగర్‌బోర్డ్‌ని, మరీ పైకి లేపితే బూమ్‌కి అడ్డుతగలడమూ, బూమ్‌ని కిందికి లాగే కిక్కర్ మరీ బిగిస్తే దాని కొస నీళ్ళలో గుచ్చుకోవడమూ ఈ కోవలోవే. చింతన రాసేవాళ్ళు ఇలాంటివి దాటేస్తుంటారు. పడవ మాత్రం దాటనివ్వదు.

ఇక్కడి నుంచి జీవితంలోకి దూకడం సులభం కాబట్టే నాకు అనుమానం. వేగంగా ఉంటే దెబ్బ తక్కువ తగులుతుందన్న సగం సూత్రం వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులకి దొరికితే ఊరూరా అమ్మేస్తారు. మిగతా సగం ఏమిటంటే, ఎదురుగాలికి పోతున్నప్పుడు మన వేగం గాలి వేగానికి కలుస్తుంది, ఎంత పరిగెత్తితే అంత గట్టిగా ముఖాన కొడుతుంది. ఆ సూత్రం గాలి వీపున ఉన్నవాళ్ళకే.

అందుకే నన్ను పట్టుకున్నది వేగం కాదు, వీపున గాలి ఉన్నట్టే తెలియకపోవడం. ఎదురుగాలిలో పెరిగిన మిత్రులు తమ గాలిని లెక్కలతో సహా చెప్పగలరు: ఏ ఏడాది ఫీజు ఎంత, అది ఎవరి దగ్గర అప్పు తెచ్చింది, హాస్టల్లో ఏ పూట భోజనం ఉండేది కాదు. నా వెనక వీచినవాటిని నేనలా చెప్పలేను. పట్నంలో సొంత ఇల్లు, చదువుకున్న అమ్మ, పొద్దున్నే గుమ్మంలో పడే పేపరు, ఇంటిపేరు వినగానే కుర్చీ చూపించే మనుషులు. ఇవి ఉన్నంతకాలం చెవుల్లో హోరు లేదు. నడి వయసులో ఉద్యోగం వదిలి వేరే పనిలోకి మారినప్పుడు, విజిటింగ్ కార్డు మీద కంపెనీ పేరు లేకుండా పోయిన వారాల్లో, నా ఫోను ఎత్తేవాళ్ళు తగ్గారు. అన్నాళ్ళూ వాళ్ళు ఎత్తింది నా ఫోను కాదు. ఆ గాలి ఎంతుండేదో పక్క మారేటప్పుడే తెలిసింది.

జైబ్ చేయలేనంత గాలిలో ఇంకో దారి ఉంది. తోక తిప్పకుండా ముక్కునే చుట్టూ తిప్పి, ఎదురుగాలిలోంచి టాక్ చేసి, మళ్ళీ కావలసిన దిక్కుకి రావడం. కుర్రాళ్ళు దీన్ని పిరికివాళ్ళ జైబ్ అని ఎగతాళి చేస్తారు. పందెంలో ఇలా తిరిగితే నాలుగైదు పడవలు ముందుకి పోతాయి, నిజమే. కానీ ఆ చుట్టు తిరిగినవాడు మధ్యలో ఒకసారి గాలికి ముఖం పెడతాడు. ఎంత గాలి తనని తోస్తూ వచ్చిందో పడవ తిరగబడకుండానే తెలుసుకుంటాడు. తెలిశాక మళ్ళీ వీపు తిప్పితే తాడు పట్టు వేరుగా ఉంటుంది. విసురు 20 నాట్లు దాటిన రోజున నేను అలాగే తిప్పుతాను. మాకు నేర్పినాయనకి అది నచ్చేది కాదు, మెగాఫోన్ దించేసి అటు తిరిగేవారు.