పణము ఎవ్వరిది?



నేఁడు మీ యెదుట మేము చెప్పఁబూనినది వేదాంతచర్చ కాదు. మేము కన్నులారఁ జూచి, చూచియు నూరకుండి, ఇప్పటికిని దలఁచుకొని సిగ్గిల్లుచున్న యొక యాటను గూర్చి చెప్పెదము.

కొంతకాలము క్రిందట పనిమీఁద హిందూపురమునకుఁ బోయితిమి. బెల్లపు మండీలును, చింతపండు బేరమును, పట్టుగూళ్ల విపణియుఁ గల యా పట్టణమున ధనము నిత్యము చేతులు మాఱుచుండును. తిరుగు బండికి మూఁడు గంటల వ్యవధి యుండఁగా, మిత్రుఁ డొకఁడు మమ్ము నొక మేడమీఁది బిలియర్డు శాలకుఁ దోడ్కొని పోయెను. అచ్చట మద్యము లేదు, పేకముక్కలు లేవు, కనుక దోషము లేదని యాతని యభిప్రాయము. మాదియు నట్టిదే.

పచ్చని సకలాతు పఱచిన బల్ల. దాని యంచులందు ఆఱు సంచులు. రంగుల బంతులు పదునైదు, తెల్లబంతి యొకటి. తెల్లబంతిని కోలతోఁ బొడిచి, దానిచేత తన వంతు బంతు లేడింటిని సంచులలోనికిఁ ద్రోసి, తుదకు నల్లబంతిని ద్రోసినవాఁడు గెలిచినట్లు. నల్లబంతితోఁ బాటు తెల్లబంతియుఁ బడెనేని ఆట పోయినట్లే. వినువారి కింతమాత్రము తెలిసినఁ జాలును.

ఒకవైపు ఇరువదియేండ్లు దాఁటని పడుచువాఁడు. ధర్మవరపు మగ్గముల యింటివాఁడనియు, తండ్రి పట్టునూలు కొని తెమ్మని పంపఁగా వచ్చెననియుఁ బ్రక్కవారు చెప్పుకొనిరి. వేఱొకవైపు నలువదియేండ్ల మనుష్యుఁడు. ఆ శాలకు నిత్యము వచ్చువాఁడు. మొదటి రెండాటలు పడుచువాఁడే గెలిచెను. పెద్దవాఁడు సులభమైన బంతులను దప్పఁగొట్టి, తన కోలను తానే తిట్టుకొనుచు, పందెము రెట్టింపు చేయుదమా యనెను. ఆ తప్పులు కావలెనని చేసినవని బల్లచుట్టు నిలిచినవారి కందఱికిని దెలియును. కొంతసేపటికి మాకును దెలిసెను. పడుచువాని కొక్కనికే తెలియదు. మూఁడవ యాట మొదలుకొని గెలుపోటము లటునిటు మాఱుచు, పందెము నూర్లు దాఁటి వేలకెక్కెను. కడపటి యాటకు వాఁడు నడుమునఁ గట్టుకొన్న గుడ్డసంచి విప్పి బల్ల యంచున నుంచెను. నూలు సొమ్మంతయు నందే యున్నది.

సత్యము చెప్పవలెనన్న, వాని నేర్పు సామాన్యమైనది కాదు. కోలమొనకు సుద్ద రుద్ది, వంగి, ఊపిరి బిగఁబట్టి, ఏడు బంతులను ద్రోసెను. నల్లబంతి యొక్కటి మిగిలెను. అప్పుడు మేము కుర్చీ విడిచి బల్లదగ్గఱకు వచ్చి నిలిచితిమి. మమ్ము నెవ్వరును బిలువలేదు. వాఁడు కొట్టెను, నల్లబంతి నేరుగాఁ బోయి మూలసంచిలోఁ బడెను. మేము "భళా!" యంటిమి. ఆ మాట నోట నుండఁగనే, తెల్లబంతి అంచునకుఁ దగిలి, వెనుకకు మరలి, మెల్లమెల్లగా దొరలి, యెదుటి సంచి యొడ్డున నొక్క క్షణము నిలిచి, లోపలికి జాఱెను. పెద్దవాఁడు సంచి దీసికొనెను గాని నోట్లు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండుటయే యచ్చటి మర్యాద కాఁబోలు!

ఆ రాత్రి బండిలో మా యెదుటిపలకమీఁదనే వాఁడు కూర్చుండెను.

"నాయనా, ఇంటికిఁ బోయి యేమని చెప్పెదవు?" అని యడిగితిమి.

"ఏమియుఁ జెప్పనయ్యా. వచ్చువారము మరలఁ బోయి గెలిచి తెచ్చెదను. అది జూదము కాదు, చేతినేర్పు. మీరే చూచితిరి గదా!"

ఈ సమాధానము వాని యొక్కనిదే కాదు. 1967వ సంవత్సరమున సికింద్రాబాదునందలి యొక క్లబ్బు వ్యవహారములో భారత సర్వోన్నత న్యాయస్థానము, రమ్మీ యాటయందుఁ బడిన ముక్కలను జ్ఞాపక ముంచుకొనుట మొదలగు నేర్పే ప్రధానము గాన నది కేవలము అదృష్టమునకు సంబంధించిన యాట కాదని తీర్పు చెప్పెను. పందెపుటాటలవలన శాల యజమానుఁడు లాభము గడించినచో నేరము కావచ్చునని కూడ నందే చేర్చెను. మన క్లబ్బులలోని పెద్దమనుష్యులు తీర్పులోని మొదటి భాగమును గంఠస్థము చేసిరి. రెండవ భాగమును మఱచిరి. పుస్తకముల బీరువాయు, పేకాట బల్లయు నొక్క గదిలోనే యుండు క్లబ్బులను మీరెఱుఁగుదురు. దేనిమీఁద దుమ్ము పేరుకొన్నదో మేము చెప్పనక్కఱలేదు. తుదకు 2025 ఆగష్టులో పార్లమెంటు, ధన మొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను, నేర్పుటాట యదృష్టపుటాట యను భేదము లేకుండ నిషేధించెను. అఱచేతిలోని యంత్రమే జూదశాలయైన పిమ్మట నా భేద మెంతమంది గృహస్థులను గాపాడినది?

నేర్పు దోషమును బోఁగొట్టునా? నలోపాఖ్యానము చూడుఁడు. చిత్రనళీయ నాటకమును రచించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు పుట్టిన సీమలో నీ కథ నెఱుఁగనివారుండరు. రాజ్యమెల్ల నోడిన నలుని జూచి పుష్కరుఁడు, దమయంతి మిగిలియున్నది, ఆమె నొడ్డుమనెను. ద్యూతవిద్య నెఱుఁగని యా నలుఁ డంత యున్మాదమునందును భార్య నొడ్డలేదు. ఆభరణముల నూడ్చి వైచి కట్టుబట్టతో వెడలిపోయెను. పిదప ఋతుపర్ణునివలన అక్షహృదయమును సంపాదించి మరల వచ్చినప్పుడో? గడించిన ధనముతోఁ గూడ దమయంతినే పణముగా నొడ్డెను! గెలిచెను గాన కథకు లీ సంగతిని మెల్లగా దాఁటించిరి. మాకు మాత్ర మా యోడిన నలుఁడే గొప్పవాఁడుగాఁ దోఁచును. నేర్పు లేనినాఁడు తనది కానిదానిని ముట్టుటకు జంకెను. నేర్పు వచ్చిననాఁడు జంకు పోయెను.

ఇఁక మాబోఁటి చూపరుల మాట. కురుసభలో ద్రౌపది, ధర్మరాజు ముందుగాఁ దన్నోడెనా, నన్నోడెనా యని ప్రశ్నించినప్పుడు విదురుఁడును వికర్ణుఁడును దప్పఁ దక్కినవారు నోరు మెదపరైరి. భీష్ముఁడు ధర్మము సూక్ష్మమనెను. ఆ పెద్దలను మేము ప్రసంగములలో నెన్నియో మాఱులు నిందించితిమి. రష్యా దేశపు టాల్‌స్టాయి, 1853లో, బిలియర్డు శాలలో లెక్క వ్రాయు సేవకుని నోట నొక యువకుని వినాశమును జెప్పించి యొక కథ వ్రాసెను. ఆ సేవకుఁ డన్నియుఁ జూచును, చూచి లెక్క వ్రాయును, అంతే. ఇట్టి కథ వ్రాసిన మహానుభావుఁడే 1862లో చైనా బిలియర్డు అను నాటలో వేయి రూబిళ్లోడి, యా యప్పు తీర్చుటకై ముగియని 'కొసక్కులు' అను నవలను బత్రికాధిపతియగు కాట్కొవునకు ముందుగా నమ్ముకొనవలసివచ్చెను. తెలిసియుండుట కాపుదల కాదు. మేమును దెలిసినవారమే.

ఉపాసనలో పరమేశ్వరుని సర్వసాక్షి యని ప్రతిదినమును బిలుచుచున్నాము. ఆయన చూచుట వింత చూచుట కాదు. చూచుచునే, చేయువాని హృదయములో వలదని పలుకును. ఆ రాత్రి మూఁడవ యాటకు ముందు మాలోపలను బలికెను. ఆ పలుకును మా నోటికి రానీయక, చూడవలెనను వేడుకతో నొక్కివేసితిమి.

బండి పెనుకొండలో నాఁగెను. చీఁకటిలో కొండ లీలగాఁ గానవచ్చుచుండెను. అచ్యుతరాయల కాలమున నా ప్రాంతమునకు అధికారియైన విరూపణ్ణ, రాజుగారి సొమ్ము ననుమతి లేక లేపాక్షి గుడికి వినియోగించెనను నపవాదు వచ్చినప్పుడు, తన కన్నులను దానే పెఱికి గోడకుఁ గొట్టెనని జనులు చెప్పుకొందురు. కట్టుకథయే కావచ్చును.

"ఆ గోడమీఁది ఎఱ్ఱని మచ్చలను బడిపిల్లలతోఁ బోయి చూచితి నయ్యా," అని పడుచువాఁడు తనకుఁ దానే చెప్పుకొన్నట్లు పలికెను. "ఆయన దేవునికే గదా ఖర్చుపెట్టినది." కొంతదూరము పోయిన పిమ్మట, "ఆ సొమ్ము మా నాయనది కూడఁ గాదు. సావుకారు బయానా," అనెను.

ధర్మవరమున వానితోడ మేమును దిగితిమి. వాఁడు వలదనలేదు. అర్ధరాత్రము దాఁటినను ఆ వీథిలో నొక మగ్గము చప్పుడగుచుండెను; అదియే వాని యిల్లు. తండ్రి గుంటలోనుండి లేచి వచ్చి, కొడుకు వట్టి చేతులను, మా ముఖమును జూచెను. పడుచువాఁడు గడపదగ్గఱ నిలిచియే జరిగిన దంతయు దాఁపక చెప్పెను. ముసలివాఁడు వానిని గొట్టలేదు, తిట్టలేదు. చాలసేపటికి మావైపు దిరిగి, "అయ్యా, తమరును అక్కడనే యుంటిరా?" అని యడిగెను.

ఉంటిమని చెప్పితిమి.