కిటికీకి రెండు వైపులు

దూరప్రయాణములు చేయువారు ఈ దినములలో అందమైన కిటికీలను, మేడల ముఖభాగములను సెల్‌ఫోనుతో ఫొటోలు తీసికొని వచ్చి మనకు చూపుచున్నారు. ఇది తప్పా? తప్పని నేను చెప్పను. పనివాడు ఓర్పుతో చేసిన పనిని చూచి సంతోషించుట ఆ పనివానికి చేయు మర్యాదయే. అయితే కిటికీకి రెండు వైపులున్నవి. ఫొటోలో పడునది ఒక వైపు మాత్రమే.

రాజస్థానములోని జయపురములో హవా మహల్ అను కట్టడము కలదు. 1799లో మహారాజా సవాయి ప్రతాప్ సింగ్ దానిని కట్టించెను. లాల్ చంద్ ఉస్తాద్ అను శిల్పి దాని రూపు కల్పించెను. అంతస్తులు అయిదు, చిన్న కిటికీలు 953. గులాబి వన్నెగల ఆ గోడ తేనెపట్టువలె నుండును. బజారులో నిలిచి దానిని ఫొటో తీయని యాత్రికుడు అరుదు. కాని అతడు తీయునది ఆ మహలు వెనుక భాగమే! బజారు వైపున దానికి ద్వారము లేదు. లోనికి పోగోరువాడు చుట్టు తిరిగి అవతలి వైపునకు పోవలెను.

ఇన్ని కిటికీలెందుకు? రాజకుటుంబపు స్త్రీలు ఘోషాలో నుండువారు. వారు పరుల కంటబడకయే వీధిలోని ఊరేగింపులను, పండుగలను చూచుటకై ఈ జల్లెడ కిటికీలు చేయబడెను. కాబట్టి అవి ముందుగా మన కన్నుల కొరకు కాదు, లోపల నున్నవారి కన్నుల కొరకు. క్రింద బజారులో గంప నెత్తిన పెట్టుకొని నడచు కూలి స్త్రీకి గల స్వేచ్ఛ పైనున్న రాణికి లేకపోయెను. అందమును, కట్టుబాటును ఒకే గోడలో నున్నవి. ఫొటోలో మొదటిది పడును. రెండవది విచారించువానికే తెలియును.

జయపురపు అందము వెలుపల నున్నది. లోపలనే దొరకు అందము మన మెదకు దేవాలయములో నున్నది. కరవు కాలములో జనులకు పనియు తిండియు కలుగునట్లు పోస్నెట్ దొరగారు దానిని కట్టించిరి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చూపు రంగుటద్దముల కిటికీలు అందులో నున్నవి. పగటివేళ వెలుపల నిలిచి చూచినయెడల అవి మసకగా కనబడును. లోనికి వచ్చి నిలిచినవానికే ఆ రంగులు వెలుగును.

ఇక మేడలను విడిచి పేదవాని ఇంటికి వత్తము. యాత్రికుడు వెలిసిన రంగును, విరిగిన కిటికీ రెక్కను, ఆరవేసిన చీరను చూచి, ఎంత బాగున్నదని ఫొటో తీయును. ఆ ఇంటివారికి ఆ విరిగిన రెక్క అందము కాదు. వానజల్లు లోనికి కొట్టు బాధ. వీధిలో కనబడునది అందరిది గదా అని కొందరందురు. కనబడును, నిజమే. కాని కనబడినదెల్ల మనది కాదు. మన బిడ్డ మన కిటికీలో కూర్చుండగా ఎవరో ఎరుగనివాడు పలుకరింపక ఫొటో తీసికొని పోయిన మనకెట్లుండును? ప్రభువు కొండమీద నేర్పిన కొలత ఇక్కడను సరిపోవును.

కావున ప్రియ చదువరులారా, అందమైనదానిని చూచి సంతోషించుడి. అయితే ఈ కిటికీ ఎవరి కొరకు పెట్టబడినదని ముందు విచారించుడి. లోపల మనుష్యులు కాపురముండినయెడల, "అమ్మా, మీ ఇంటి కిటికీ ఫొటో తీసికొనవచ్చునా?" అని అడుగుడి. ఆమె వద్దనినయెడల నమస్కరించి సాగిపోవుడి. సరేననినయెడల ఆమె మంచిచెడ్డలు అడిగి, ఒక్క నిమిషమైనను ఆమెతో మాటలాడి రండు. ఇంటికి వచ్చి ఆ ఫొటోను చూపునప్పుడు, గోడ రంగుతోపాటు ఆ గోడ వెనుక నున్న తల్లిని గూర్చియు చెప్పుటకు మీకొక మాట ఉండును.