ఇంటి ఆడబిడ్డ పాలు



నాంపల్లి స్టేషనులో రైలు దిగి ఆబిడ్స్ వైపు నడచు గ్రామస్థునికి ఆ కొద్ది దూరములోనే ఆస్తుల కథలు అనేకము ఎదురగును. ఆరవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అనునతని దుకాణమువలన ఆ ప్రాంతమునకు ఆ పేరు వచ్చినది. దుకాణము పోయినది, పేరు మిగిలినది. కొంత దూరములో నున్న మొజంజాహీ మార్కెటు ఏడవ నిజాము రెండవ కుమారుని పేరు మోయుచున్నది. మరియొక ప్రక్క కింగ్ కోఠి కలదు. లోకమంతటిలో మిక్కిలి ధనవంతుడని ఒకప్పుడు పేరొందిన ఏడవ నిజాము, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, అచ్చటనే నివసించి 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసెను.

ఆయన కుమారుని కాదని మనుమడైన ముకర్రం జాను తన తరువాతివానిగా నియమించెను. అయినను తగవులు తెగలేదు. 1948లో లండను బ్యాంకునకు చేరిన పది లక్షల పౌండ్లకు పైబడిన సొమ్ము సంగతి ఆలోచించుడి. అది ఎవరిదో తేలుటకు 71 సంవత్సరములు పట్టినది. 2019 అక్టోబరు 2న అచ్చటి న్యాయస్థానము భారతదేశ పక్షముగను, నిజాము ఇద్దరు మనుమల పక్షముగను తీర్పు చెప్పునాటికి ఆ సొమ్ము సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయినది. అంతట ఇతర వారసులును తమకు భాగము కావలెననిరి. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబులులో మరణించగా, ఆయన దేహమును హైదరాబాదునకు తెచ్చి మక్కా మసీదు ఆవరణలో పాతిపెట్టిరి. అంత ఆస్తికి వారసుడైన వానికిని చివరకు కావలసినది కొన్ని అడుగుల నేలయే.

నవాబుల సంగతి మనకేల అందురేమో. నవాబుల సంగతి చెప్పుట సులభము. నా ఇంటి సంగతి చెప్పుట కష్టము. అయినను చెప్పవలెను.

మా తండ్రి రైల్వేలో పనిచేసి, నాంపల్లి సందులలో నొకచోట చిన్న ఇల్లు కట్టెను. మా తల్లి ఆయనకంటె ముందే ప్రభువునందు నిద్రించెను. ఆయన పోయిన తరువాత మిగిలినవారము ముగ్గురము: నేను, నా తమ్ముడు, మెదకు ప్రాంతపు గ్రామములో కాపురమున్న మా చెల్లెలు. ఆయన వీలునామా వ్రాయలేదు. చెల్లెలి పెండ్లికి కట్నము ఇచ్చితిమి గనుక ఆమె పాలు ముట్టినదని మేమిద్దరమును అనుకొంటిమి. హక్కు విడుదల పత్రము సిద్ధపరచి ఆమెను పిలిపించితిమి. లూకా సువార్త పండ్రెండవ అధ్యాయములో, నా సహోదరుడు పిత్రార్జితములో నాకు పాలిచ్చునట్లు చెప్పుమని అడిగినవానికి ప్రభువు లోభమునుగూర్చి బుద్ధి చెప్పిన సంగతిని నేనే ఆమెకు జ్ఞాపకము చేసితిని. ఆమె మాటాడక సంతకము చేసెను. తరువాత సంచిలోనుండి మా ఇద్దరి పిల్లలకొరకు తెచ్చిన సకినాల డబ్బా తీసి నా చేతికిచ్చెను. బస్సు ఎక్కుచు, "అన్నా, నీవు చెప్పితివి గనుక చేసితిని" అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. తన ఇష్టమున చేసితిననలేదు. నేను చెప్పితిని గనుక చేసితిననెను.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టుచున్నది. ఒకరు సమ్మతించి వదలుకొనినదానిని మనము తీసికొనుట తప్పగునా? సమ్మతి అనునది స్వేచ్ఛగా ఇచ్చినదైతే తప్పు కాదు. అయితే మన ఆడబిడ్డల సమ్మతిలో ఎంత ప్రేమ కలదు, ఎంత భయము కలదు? పాలు అడిగినచో పుట్టింటి గడప మూయబడునని, పండుగకు పిలుచువారుండరని, రేపు భర్తకు కష్టము వచ్చినచో నిలుచుటకు చోటుండదని ఆమె ఎరుగును. ఇంటికి వచ్చుటకు సుంకముగా ఇల్లు ఇచ్చివేయుచున్నది. అది దానము కాదు. అన్నదమ్ములు దానిని దానమని పిలుచుకొందురు, అంతే.

న్యాయశాస్త్రము ఏమనుచున్నది? 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక మరణించిన క్రైస్తవుని ఆస్తిలో మూడవ వంతు విధవరాలికి, మిగిలినది పిల్లలందరికి సమముగా చెందును. తల్లి లేనియెడల అంతయు పిల్లలకే. కుమారుడు, కుమార్తె అను భేదము అందులో లేదు. తిరువాన్కూరు క్రైస్తవులకు మాత్రము 1916 నాటి వేరొక చట్టముండెను; అది కుమార్తెకు కుమారుని పాలులో నాలుగవ వంతు గాని అయిదువేల రూపాయలు గాని, ఏది తక్కువైతే అది ఇచ్చెను. మేరీ రాయ్ అను సహోదరి దానిని ప్రశ్నించగా 1986లో సుప్రీంకోర్టు ఆ చట్టము చెల్లదని తీర్పు చెప్పెను. మనకట్టి చట్టము లేకపోయినను, దానికంటె తక్కువ ఇచ్చు ఆచారమును మనమే కల్పించుకొంటిమి.

వాక్యము మనకు సాకు అగునా? అమెరికాలో తొలినాళ్ల క్రైస్తవులు ఈ ప్రశ్నతో పెనుగులాడిరి. మసాచుసెట్సు వారు 1641లో ద్వితీయోపదేశకాండము ననుసరించి జ్యేష్ఠునికి రెండు పాళ్లని విధించిరి; కుమారులు లేనిచోట కుమార్తెలు సమముగా పంచుకొనవలెననిరి. వర్జీనియాలో ఇంగ్లండు పద్ధతి చొప్పున భూమి అంతయు పెద్దకుమారునికే పోవుచుండెను. థామస్ జెఫర్సన్ దానిని తీసివేయ పూనుకొనగా, పెద్దవానికి రెండు పాళ్లయినను ఉంచుమని ఒక పెద్ద అడిగెను. పెద్దవాడు రెండింతలు తినగలిగినయెడల, రెండింతలు పని చేయగలిగినయెడల అట్లే చేయుదమని జెఫర్సన్ భావము. 1785లో ఆ పద్ధతి రద్దయినది. ఆయన తర్కము చక్కనిది. అయితే ఆ సమభాగములలో దాసులైన మనుష్యులును ఆస్తిగానే లెక్కింపబడిరి. జెఫర్సన్ మరణించిన పిమ్మట 1827 జనవరిలో ఆయన అప్పులకై దాసులనే వేలము వేసిరి. కాబట్టి భాగములు సమమైనంతమాత్రమున న్యాయము నిండలేదు; ఎవరిని మనుష్యులుగా లెక్కించితిమి, ఎవరిని మరచితిమి అనునది కూడ చూడవలెను.

జ్యేష్ఠుని రెండు పాళ్ల వాక్యమును మరల చదువుడి. అది పెద్దవాని గొప్పతనముకొరకు వ్రాయబడినది కాదు. ప్రేమింపబడని భార్య కుమారుని తండ్రి పక్కకు నెట్టకుండునట్లు, బలహీనుని కాపాడుటకు వ్రాయబడినది. సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి అడిగినప్పుడు, వారు చెప్పినది యుక్తమేనని దేవుడు పలికెను. యోబు తన కుమార్తెలకు వారి సహోదరులతోపాటు స్వాస్థ్యమిచ్చెను. ఇక ప్రభువు లోభమునుగూర్చి పలికినది పాలు అడిగిన వానితో మాత్రమే కాదు. చుట్టునున్న వారందరితోను పలికెను. ఆ జనములో ఆస్తిని పట్టుకొని ఊరకున్న అన్నయు ఉండియుండవచ్చును. నేను ఆ వాక్యమును చెల్లెలి వైపు త్రిప్పితిని. అది నా వైపు తిరుగవలసియుండెను.

కొన్ని సంవత్సరములు ఆలస్యముగా నాకు తెలివి వచ్చినది. ఇల్లు మేమిద్దరము చెరిసగము పంచుకొంటిమి. న్యాయముగా అది మూడు పాళ్లు కావలెను. అనగా నా సగములో మూడవ వంతు చెల్లెలిది. దాని వెల కట్టించి, విడతలుగా ఆమెకు చెల్లించుచున్నాను. మొదటిసారి ఆమె తీసికొనలేదు. "ఇది నేనిచ్చు కానుక కాదమ్మా, నీదే" అని చెప్పిన తరువాత తీసికొనెను. నా తమ్ముడు ఇంకను ఆలోచించుచున్నాడు. అతనికి తీర్పు తీర్చుటకు నేనెవడను? అతనికి ఆ త్రోవ చూపినవాడను నేనే గదా.

తల్లిదండ్రులారా, మీరు బ్రదికియుండగనే వీలునామా వ్రాయుడి. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేయుడి. అందులో మీ కుమార్తెల పేర్లు మరువకుడి. అన్నదమ్ములారా, చెల్లెలి చేతికి కలము ఇచ్చుటకు ముందు ఆమెనిట్లు అడుగుడి: "అమ్మా, నీవు సంతకము చేయకపోయినను ఈ ఇల్లు నీ పుట్టిల్లే. ఇప్పుడు చెప్పుము, నీ ఇష్టమేమి?" ఆ మాట నిజముగా చెప్పగలిగిన ఇంటిలో పంపకము తగవు కానేరదు. అట్లు అడుగు ధైర్యము ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.