తక్కువ తిరిగిన పాత కారు

2012 నాటి ఆల్టో, తిరిగింది 22,000 కిలోమీటర్లేనంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ముందు సర్వీసు కాగితాల్లోని అంకెలతో మీటరును సరిచూసుకోండి. అది నిజమే అయినా, కదలకుండా ఉన్న బండికీ వయసు మీద పడుతుంది. రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి, బ్రేక్ ఆయిల్ చెమ్మ పీల్చుకుంటుంది. టైరు అరగకపోయినా దాని పక్కన అచ్చైన నాలుగంకెలు చూడండి: 2312 అంటే 2012లో 23వ వారం తయారైందని. అలాంటి టైర్లతో, దయచేసి, పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లకండి. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆర్సీలో తేదీ చూడండి. కొత్త టైర్లు, బ్యాటరీ ఖర్చు లెక్కగట్టి బేరమాడండి. నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లండి. ఇంజను వేడెక్కాక కొన్ని లోపాలు బయటపడవు, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి.