వంతెనకు ఎవరి పేరు?

పోయినవారిని తలుచుకోవడానికి రాతి స్తంభం మేలా, పదిమందికీ దారి ఇచ్చే వంతెన మేలా?

న్యూజిలాండులోని కైపరోరో వాసులు వంతెనే మేలనుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగిరాని తమ కుర్రవాళ్ల గుర్తుగా 1922లో మకకాహి నది మీద కాంక్రీటు కమాను వంతెన కట్టి, వారి పేర్లు అక్కడ రాయించారు. తరవాత రోడ్డు వేరే వంతెన మీదికి మళ్లింది. పాతదానితో ఇక పని లేదు. అయినా ఊరివారు దాన్ని కూలిపోనివ్వలేదు.

యాంగోన్‌లో తీరు వేరు. లైంగ్‌థార్యార్‌ను ఇన్సేన్‌తో కలుపుతూ 2000లో తెరిచిన వేలాడే వంతెన పేరు ఔంగ్ జేయ. 1755లో డగోన్‌ను గెలిచి, కలహాలు ముగిశాయన్న అర్థంతో దానికి యాంగోన్ అని పేరు పెట్టిన అలౌంగ్‌పయా రాజు అసలు పేరది. గెలిచినవాడికి వంతెన దక్కింది. అదే లైంగ్‌థార్యార్ కార్మికవాడలో 2021 మార్చి 14న సైనిక పాలనను ఎదిరించినవారిపై కాల్పులు జరిగాయి. కనీసం 65 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. వంతెన మీద వారి పేర్లు లేవు.

ఇది మనకు పరాయి సంగతి కాదు. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువారిని అక్కడ కోరంగీలనేవారు. 1930 మేలో రేవు పని విషయమై రేగిన అల్లర్లలో మనవారు అనేకులు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండదారులు పట్టి స్వదేశానికి నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. యాంగోన్ దగ్గరి టౌక్చాన్ శ్మశానవాటికలో ఆ యుద్ధంలో పోయి సమాధి దొరకని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు చెక్కారు. వారిలో మన దేశీయులూ ఉన్నారు. అది న్యాయమే. కాని మూట మోసినవాడి పేరు ఆ రాళ్ల మీద ఎక్కడుంది?

వంతెన మీద ఎవరూ ఆగరు, ఆగనిచోట స్మరణ ఏమిటని కొందరంటారు. మాకు అలా తోచదు. ఒకరి పేర వేసిన దారిన పిల్లలు బడికి పోతున్నారంటే అంతకన్న మంచి తర్పణం లేదు. అయితే పేరు తెలియకుండా నడిస్తే అది ఉత్త కాంక్రీటే. కైపరోరో వంతెనను నిలిపింది సిమెంటు కాదు, ఊరివారి పట్టుదల.

మన ఇళ్లలో బర్మా నుంచి నడిచి వచ్చిన తాతల కథలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. వాళ్ల పేర్లు, ఊళ్లు, వారితో బయలుదేరి ఇల్లు చేరనివారి పేర్లు పిల్లల చేత రాయిద్దాం. రాజుల పేర్లు వంతెనలు మోస్తాయి. కూలీల పేర్లు మోయవలసింది మనమే.