నొప్పి లేని చోట నిర్ణయం

సైన్యంలో ఉన్నంత కాలం మనిషి ఒంటి మీద పెత్తనం అతనిది కాదు. ఎప్పుడు లేవాలి, ఎంత బరువు మోయాలి, ఏ మంచుకొండ మీద ఎన్నాళ్లు కాపలా కాయాలి, ఏ టీకా ఎప్పుడు వేయించుకోవాలి, అన్నీ పైనుంచి వచ్చే ఉత్తర్వులే. జవానుగా చేరినవాళ్లలో చాలామంది నలభై దాటీ దాటకముందే పింఛనుతో ఇంటికొస్తారు. ఆ తర్వాత ఏ బ్యాంకు దగ్గరో అపార్టుమెంటు దగ్గరో సెక్యూరిటీ ఉద్యోగం. అక్కడా డ్యూటీలు వేసేది వేరొకరే. అలాంటి మనిషికి ఒకరోజు డాక్టరు ఎమ్మారై చూపించి, మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోతోందని చెప్పి, ఆపరేషన్ చేయించుకుంటారో లేదో ఆలోచించుకుని రమ్మంటాడు. జీవితమంతా చెప్పింది చేసినవాడికి తన దేహం మీద సర్వాధికారం ఒక్క పూటలో వచ్చిపడింది. దాన్ని స్వేచ్ఛ అనవచ్చా? నిర్ణయించుకునే అలవాటు తప్పించేసి, చివరికి అన్నిటికంటే కష్టమైన నిర్ణయాన్ని నెత్తిన పెట్టడం స్వేచ్ఛ ఇవ్వడమేనా?

తార్నాకలో ఉండేవాళ్లకు మాజీ సైనికులు కొత్త కాదు. తిరుమలగిరిలో మిలిటరీ ఆస్పత్రి, సికింద్రాబాద్‌లో ఈఎంఈ, ఏఓసీ సెంటర్లు, ఇటు మల్కాజిగిరి, సఫిల్‌గూడ, సైనిక్‌పురి. పిల్లల చదువుల కోసం ఈ చుట్టుపక్కలే స్థిరపడినవాళ్లు ఎందరో. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌కి నడకకు వచ్చేవాళ్లలో వాళ్లను నిటారైన వెన్నును చూసే పోల్చుకోవచ్చు. ఆర్ట్స్ కాలేజీ ముందు నాకు పరిచయమైన హవల్దార్ గారు అలాంటివారే. శ్రీకాకుళం జిల్లా మనిషి, ఫిరంగి దళంలో పనిచేశారు.

నడక అయ్యాక తార్నాక చౌరస్తా దగ్గర టీ తాగుతాం. ఒకరోజు ఆయన చిల్లర తీసుకుంటుంటే చూశాను. బల్ల మీద ఉన్న రూపాయి బిళ్ల చేతికి రావడం లేదు. బొటనవేలు, చూపుడువేలు దాని అంచును పట్టబోయి జారిపోతున్నాయి. ఆయన కంగారు పడలేదు. అరచేత్తో బిళ్లను బల్ల చివరిదాకా లాగి, కింద ఎడమచెయ్యి పట్టి అందులో పడేసుకున్నారు. ఎన్నాళ్లుగానో అలవాటైన పనిలా చేశారు. చొక్కా బొత్తాలు వాళ్లావిడే పెడుతున్నారనీ, మెడ ఆపరేషన్ గురించి ఆలోచించుకుని రమ్మని డాక్టరు చెప్పారనీ ఆ తర్వాత తెలిసింది.

"నొప్పి లేదు మాస్టారూ. నొప్పే లేనప్పుడు కోయించుకోవడం దేనికి?" అన్నారు.

ఎంత సహజమైన ప్రశ్న! జబ్బులోని చిక్కంతా దానిలోనే ఉంది. మెడలో ఏడు పూసలు. వాటి నడుమ దారిలో వెన్నుపాము దిగుతుంది. పక్క సందుల్లోంచి ఎనిమిది జతల నరాలు బయటికి వస్తాయి. పూసల మధ్య ఉండే డిస్కు జరిగి పక్క నరాన్ని నొక్కితే భుజం నుంచి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు ఉంటుంది. రాత్రుళ్లు నిద్ర ఉండదు. అంత బాధపెట్టే ఆ జబ్బు చాలామందిలో మందులతో, వ్యాయామంతో కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుముఖం పడుతుంది. అదే ఒత్తిడి నడుమనున్న వెన్నుపాము మీద పడితే చాలాసార్లు నొప్పే ఉండదు. మామూలుగా 17, 18 మిల్లీమీటర్లుండే దారి 13 కంటే ఇరుకైతే ప్రమాదం పెరుగుతుంది. వేళ్లు మొద్దుబారతాయి, చేతిరాత మారిపోతుంది, నడక తూలుతుంది, ముదిరితే మూత్రం మీద అదుపు తప్పుతుంది. క్లార్క్, రాబిన్సన్ అనే వైద్యులు 120 మంది రోగుల్ని పరిశీలించి 1956లో రాసినదాన్ని బట్టి, వాళ్లలో ముప్పావువంతు మందికి జబ్బు మెట్లుమెట్లుగా దిగజారింది. కొన్నాళ్లు నిలకడగా ఉంటుంది, ఉన్నట్టుండి ఓ మెట్టు కిందికి జారుతుంది. నిలకడగా ఉన్న రోజుల్లో మనిషి తనకు నయమైందనుకుంటాడు.

నొప్పిని మనం శరీరం చెప్పే సాక్ష్యంగా నమ్ముతాం. ఈ జబ్బులో గట్టిగా అరిచే సాక్షి చిన్న నేరం గురించి చెబుతుంది, పెద్ద నేరం దగ్గర నోరు మెదపదు. సైనికుడికైతే రెండింతల చిక్కు. నొప్పి ఉన్నా లెక్కచేయవద్దని నేర్పిన శిక్షణ అతనిది. నొప్పి లేకపోతే ఇంక ఆలోచించేదేముంది? చార్వాకులు ప్రత్యక్షమే ప్రమాణమన్నారు. హేతువాదం వైపు మొగ్గే నాలాంటివాళ్లకు ఆ మాట ఇష్టం. కానీ ఇక్కడ రోగికి ప్రత్యక్షంగా తెలిసేది చాలదు, అనుమాన ప్రమాణం కావాలి. వేళ్లకు అందని రూపాయి బిళ్ల నుంచి, పెట్టుకోలేని బొత్తాం నుంచి లోపల జరుగుతున్నదాన్ని ఊహించాలి. తన ఒంటి గురించి తనకే అన్నీ తెలుసన్న ధీమా వదులుకోవడం ఏ మనిషికైనా కష్టమే.

అలాగని ఫిల్మునూ గుడ్డిగా నమ్మలేం. జపాన్‌లో మత్సుమోతో బృందం ఏ బాధా లేని 497 మందికి మెడ ఎమ్మారై తీసి 1998లో ప్రచురించింది. అరవై దాటిన మగవాళ్లలో నూటికి 86 మందికి డిస్కులు అరిగే ఉన్నాయి. అంటే వయసు మళ్లిన దాదాపు ప్రతి మెడా ఫిల్ములో రోగిష్ఠిదానిలాగే కనిపిస్తుంది. డాక్టరు మనిషిని చూడాలి. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలడో లెక్కపెట్టాలి. ఇరవైకి తగ్గితే అనుమానించాలి. చేతులు, కాళ్లు, స్పర్శ, మూత్రం మీద అదుపు, అన్నిటికీ కలిపి 18 మార్కులకు వేసే కొలత ఒకటుంది. హవల్దార్ గారికి 13 వచ్చాయి. 12 నుంచి 14 అంటే మధ్యస్థం. మధ్యస్థమైనా తీవ్రమైనా శస్త్రచికిత్సే చేయాలని, 15 నుంచి 17 మధ్య ఉన్నవాళ్లకు ఆపరేషనో, పర్యవేక్షణలో వ్యాయామ చికిత్సో ఎంచుకోవచ్చని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆపరేషన్‌కి ముందు బి12 రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. ఆ విటమిన్ లోపం ఉన్నా ఇవే తిమ్మిర్లు, ఇదే తూలుడు. మెడ పట్టేసిందని మంగలి దగ్గర టక్కున విరిపించుకోవడం, మాలీష్ చేయించుకోవడం మనవాళ్లకు అలవాటు. వెన్నుపాము నలుగుతున్నవాడికి అది ప్రాణాంతకం కూడా కావచ్చు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకునే నమ్మకాన్ని ఇక్కడికి తేకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇన్ని తెలిశాక నా అభిప్రాయం చెప్పడం తేలికే. ఆపరేషన్ చేయించుకోవాలి. కానీ అక్కడే నాకు సంకోచం పట్టుకుంది. "చేయించుకోండి" అని నేనంటే ఆయన చేయించుకుంటారు. మాస్టారు చెప్పారు కాబట్టి. అమెరికాలో ఉన్న కొడుకు వద్దంటే మానేస్తారు. ఊళ్లో అన్నగారు "మెడ కోస్తే మంచాన పడతావురా" అంటే భయపడతారు. ప్రేమతో చెప్పినా, పెద్దరికంతో చెప్పినా ఆయన చెవికి అది మరో ఉత్తర్వే. మంచి చేసే ఉత్తర్వు అయితే తప్పేమిటి అని అడగవచ్చు. తప్పుందనే నేననుకుంటాను. కత్తి పడేది ఆయన మెడ మీద. ఆ తర్వాత వచ్చే ప్రతి ఉదయం ఆయనదే. అందుకని నా అభిప్రాయం, దాని కారణాలు దాచకుండా చెప్పి, దీనికి ఎదురు చెప్పమని ఆయన్ని అడిగాను.

చాలాసేపటికి ఒక మాట బయటపెట్టారు. ఆయన జముకుల కథ పాడతారు. ఊరికి వెళ్లినప్పుడల్లా అక్కడివాళ్లు పాడించుకుంటారట. ముందు వైపు నుంచి మెడ తెరిచి డిస్కు తీసి పూసలు అతికించే పద్ధతి 1950ల నాటి నుంచి ఉంది. దానిలో కొన్నాళ్లు మింగుడు కష్టం కావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. చాలామందికి సర్దుకుంటుంది, అందరికీ కాదు. ఆయన్ని ఆ గొంతు సంగతి ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. మళ్లీ వెళ్లి చెబితే సర్జన్ శ్రద్ధగా విన్నారు. జపాన్‌లో హిరబయాషి 1970లలో రూపొందించినట్టు వెనక నుంచి వెన్ను దారిని వెడల్పు చేసే పద్ధతి ఈయనకు సరిపోతుందా అని చూశారు. దానికీ లోట్లున్నాయి. మెడ వెనక నొప్పి ఎక్కువకాలం ఉండవచ్చు, కొద్దిమందికి భుజం కొన్నాళ్లు లేవకపోవచ్చు. ఏ దారిలో వెళ్లినా పోయిన స్పర్శ మొత్తం తిరిగి వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. దిగజారడం సాధారణంగా ఆగుతుంది, చాలామంది కొంత కోలుకుంటారు, తొందరగా చేయిస్తే ఎక్కువ కోలుకుంటారు.

రోగి అంగీకారం వాస్తవమైనదిగా, చాలినంత సమాచారంతో కూడినదిగా ఉండాలని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫారం మీద సంతకం అంగీకారానికి గుర్తు మాత్రమే. గొంతు గురించి మాట్లాడుకున్న ఆ పావుగంట లేకపోతే హవల్దార్ గారి సంతకం దేనికి గుర్తయ్యేది?

మాజీ సైనికుల్ని తొలిచే ప్రశ్న ఇంకొకటుంది. ఈ మెడ ఎవరివల్ల ఇలా అయింది? మోసిన బరువులా, ఎక్కిన కొండలా, వయసా? సర్వీసువల్ల వచ్చిందనో పెరిగిందనో తేలి, వైకల్యం 20 శాతానికి తగ్గకుండా ఉంటేనే వైకల్య పింఛను. అరుగుదల జబ్బు అనగానే సర్వీసుకు సంబంధం లేదని మెడికల్ బోర్డులు రాయడం తరచూ జరిగేదే. చేరేనాటికి లేని జబ్బు సర్వీసువల్ల వచ్చిందనే భావించాలని, కాదని రుజువు చేసే భారం సైన్యానిదేనని ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. విషబాణం దిగినవాడు కొట్టినవాడి ఊరూ పేరూ తెలిసేదాకా బాణం తీయనివ్వనంటే ఏమవుతాడని బుద్ధుడు అడిగాడు. ముందు బాణం తీయాలన్నది నిజం. కానీ తీశాక కొట్టిందెవరో అడిగే హక్కు గాయపడినవాడికి ఉండొద్దా? కర్మ అనో తలరాత అనో ఆ ప్రశ్న నోరు మూయించడం నాకు అన్యాయంగా తోస్తుంది. చికిత్స ఆగకూడదు, ప్రశ్న కూడా ఆగకూడదు.

హవల్దార్ గారు సంక్రాంతికి ఊరెళ్లి పాడి వచ్చి ఆపరేషన్‌కి తేదీ తీసుకున్నారు. అంతదాకా ఆగడం నాకు పూర్తిగా నచ్చలేదు. ఆ మాట ఆయనకు చెప్పాను. విన్నారు, ఒప్పుకోలేదు.

ఇక ఖర్చు సంగతి. మాజీ సైనికుల వైద్యం కోసం 2003 ఏప్రిల్ నుంచి ఈసీహెచ్ఎస్ పథకం ఉంది. కార్డున్న మాజీ సైనికుడు పాలీక్లినిక్‌లో రెఫరల్ తీసుకుని గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో డబ్బు కట్టకుండా వైద్యం చేయించుకోవచ్చు. అడగందే అమ్మయినా పెట్టదు కాబట్టి అడగాలి. మీ వీధిలో, మీ అపార్టుమెంటు గేటు దగ్గర ఒక మాజీ సైనికుడు ఉండే ఉంటారు. ఆయన చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, నడుస్తూ తూలుతున్నా, నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకండి. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలరో చూడండి. అనుమానం వస్తే ఈ వారమే వెన్నెముక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ ఆయన్ని మాట్లాడనివ్వండి.