గృహప్రవేశాలు మూడు రకాలు

మేం కొన్న ఇంటికి ఏ గృహప్రవేశం చేయాలో మా పురోహితుడు పదిహేను రోజులు తేల్చలేకపోయాడు. శాస్త్రంలో గృహప్రవేశాలు మూడు రకాలట. కొత్తగా కట్టుకున్న ఇంట్లో మొదటిసారి అడుగు పెడితే అపూర్వం. ఊళ్ళు తిరిగి చాలాకాలానికి సొంత ఇంటికొస్తే సపూర్వం. నిప్పుకో నీళ్ళకో చెడిన ఇంటిని బాగుచేసుకుని మళ్ళీ చేరితే ద్వంద్వం. మాది మొదటిది కాదు, ఆ ఇల్లు కట్టి డెబ్భై ఏళ్ళ పైమాటే. రెండోది అసలే కాదు, అందులో మేం ఎన్నడూ లేం. మూడోదంటారా, ఇల్లు నీళ్ళకు చెడింది నిజమే, కానీ ఆ నీళ్ళు వచ్చినప్పుడు అందులో ఉన్నది వేరేవాళ్ళు.

"ఇల్లు మిమ్మల్ని ఎరగదు, మీరు ఇంటిని ఎరగరు. ఏమని సంకల్పం చెప్పించాల సార్?" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఇల్లు కర్నూలు వన్ టౌన్‌లో, తుంగభద్రకు నాలుగు సందుల ఇవతల. రెండడుగుల మందం రాతిగోడలు, టేకు దూలాలు, నడిమింట్లో వెలుగు కోసం గవాచి, కింద బేతంచెర్ల బండలు. మే నెలలో చూడటానికి వెళ్ళాం. బయట నిప్పులు కురుస్తుంటే లోపల కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. రిటైరైన డబ్బుతో హైదరాబాదులో ఫ్లాటు కొనమని మావాడు పోరాడు. అక్కడి ఫ్లాటు ధరలో సగానికి ఇక్కడ ఇల్లూ, ఆకాశమూ రెండూ వస్తున్నాయన్నాను. ఆకాశం సంగతి వాడికి ఎక్కలేదు.

పని మొదలుపెట్టాక గానీ ఇంటి కథ తెలియలేదు. గోడలకు అడుగు నుంచి నాలుగడుగుల ఎత్తు వరకూ సిమెంటు పూత ఉంది. దాని పైన జానెడు మేర రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, తెల్లటి చౌడు ఉప్పులా రాలుతోంది. బనగానపల్లె నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ గోడను వేళ్ళతో తట్టి చూసి, "దీనికి ఎవరో ప్లాస్టిక్ కవరు తొడిగినారు సార్" అన్నాడు. పాత గోడంటే రాళ్ళ మధ్య మట్టీ సున్నమూ. తడిస్తే పీల్చుకుంటుంది, ఎండొస్తే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే లోపలి తేమకు బయటికొచ్చే దారి ఉండదు. దారి వెతుక్కుంటూ పైకి ఎక్కుతుంది, సిమెంటు ఎక్కడ ఆగితే అక్కడ పేలుతుంది. మళ్ళీ అక్కడిదాకా సిమెంటు పూస్తే ఇంకా పైకి ఎక్కుతుంది.

ఆ సిమెంటంతా కొట్టించాం. పదకొండు రోజులు పట్టింది. ట్రాక్టర్లకొద్దీ పెళ్ళలు. గోడలను అట్లాగే రెండు నెలలు ఆరబెట్టాం. పెరట్లో గుంట తవ్వించి సున్నం నానబెట్టాడు మేస్త్రీ. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోయగానే గుంటంతా బుసలు కొడుతూ ఉడికింది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు ఎప్పుడు ఎంత కలపాలో ఆయన నోటితో చెప్పడు. వేలు ముంచి, బొటనవేలితో రాసి చూసి, ఊఁ అంటాడు. ఆ ఊఁ కోసం మేం రోజంతా కూర్చునేవాళ్ళం.

చివరగా కొట్టుగది తెరిచాం. ఆ గదికి ఎవరూ సిమెంటు పూయలేదు, రంగూ వేయలేదు. పాత మంచాల పట్టెలు, రేకు డబ్బాలు తీసేశాక, నాలుగు గోడల చుట్టూ దారం పట్టి గీసినట్టు మట్టిరంగు గీత కనిపించింది. సరిగ్గా నా నుదుటి ఎత్తున. 2009 అక్టోబరు 2. కర్నూల్లో ఉన్నవాళ్ళకు ఆ తేదీ చెబితే చాలు, మిగతాది చెప్పక్కర్లేదు. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రి వచ్చి పడ్డాయి. దిగువన శ్రీశైలం డ్యాములో నీటిమట్టం 885 అడుగుల హద్దు దాటి 896కు పైన నిలిచింది. వన్ టౌన్‌లో మేడల మీదికి ఎక్కినవాళ్ళు బతికారు.

ఇల్లు అమ్మిన పెద్దావిడ ఆ రాత్రి మిద్దె మీదే ఉందట. ఆమె ముస్లిం. భర్త పోయాక బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ మాకు అమ్మింది. రిజిస్ట్రేషన్ అయిన రోజు తాళాలు చేతిలో పెట్టి, నడిమింట్లో పడమటి గోడకున్న గూడు చూపించింది. మూరెడు వెడల్పు, పైన ఇంత కమాను, లోపల నున్నటి సున్నపు పూత.

"మా ఇంటాయన నలభై ఏండ్లు ఈ గూట్లో ఖురాన్ పెట్టుకుంటుండె. నీళ్ళొచ్చిన రాత్రి అదొక్కటే ఎత్తుకొని పైకి పోయినాం. ఇప్పుడు ఇల్లు నీది సార్. పగలగొట్టుకో, కట్టుకో, నేనేమనను. ఈ గూట్లో మాత్రం చెప్పులు పెట్టొద్దు."

అట్లాగేనమ్మా అన్నాను. అనేశాక ఆలోచన మొదలైంది.

ఇంటికి వాస్తు చూడటానికి వచ్చినాయన ఆ గూడు దగ్గర ఆగాడు. ఎవరిదో నేను చెప్పలేదు గానీ ఆయనకు తెలిసిపోయినట్టుంది. "ఇది మూసేయించండి, ప్లాస్టరు చేసేస్తే గోడ నీటుగా ఉంటుంది" అన్నాడు. దోషమేదైనా ఉందా అని అడిగాను. దోషమని కాదు, ఎందుకైనా మంచిదన్నాడు. మావాడు వీడియో కాల్లో చూసి, అక్కడ చెప్పుల స్టాండు సరిగ్గా సరిపోతుందన్నాడు. వాడికి ఆమె మాట తెలియదు. మా ఆవిడ దేవుడి పటాలు పెడదామంది. మూడు సలహాలూ విన్నాక నాకు కోపం రాలేదు గానీ ఒక ప్రశ్న తగులుకుంది. ఒకరు నలభై ఏళ్ళు దండం పెట్టుకున్న చోట, వాళ్ళు వెళ్ళిపోయాక, ఏం మిగులుతుంది? అది గోడలో ఉంటుందా, మనిషితో వెళ్ళిపోతుందా?

వాస్తు అంటే దిక్కులూ మూలలే అనుకునేవాణ్ణి. దాని కథ పురాణాల్లో వేరుగా ఉంది. అంధకాసురుడితో పోరాడేటప్పుడు శివుడి చెమటబొట్టు నేల మీద పడి, దాన్నుంచి ఒక మహాభూతం పుట్టిందని మత్స్యపురాణం. లోకాలన్నీ మింగబోయిన ఆ భూతాన్ని దేవతలు బోర్లా పడేసి, లేవకుండా ఒక్కొక్కరు ఒక్కో అవయవం మీద కూర్చున్నారు. ఎనభై ఒక్క గళ్ళ వాస్తు పటంలో నలభై అయిదు మంది దేవతల స్థానాలు అవే. ఈశాన్యంలో తల ఉంటుంది. కిందపడినవాడు మొరపెట్టుకుంటే, ఎవరు ఇల్లు కట్టినా ముందు నీకు పూజ చేస్తారని వరమిచ్చారు. అంటే ప్రతి ఇల్లూ ఎవరి వీపు మీదో ఉన్నదే. చెట్టు నరకడానికి ముందు రోజు దాని మీద ఉండే భూతాలకు బలి పెట్టి, దయచేసి ఇంకోచోటు చూసుకోండని వేడుకోమని వరాహమిహిరుడి బృహత్సంహితలో ఉంది. ఈ మర్యాద సంగతి మా వాస్తు సలహాదారు ఎత్తలేదు. ఆయన టేపుతో కొలిచి, ఫీజు తీసుకుని వెళ్ళాడు.

మొక్కిన చోట ఏం మిగులుతుందన్న ప్రశ్న నాకు కొత్త కాదు. మా ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం జలాశయం కింద ఉంది. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించేటప్పుడు నాకు పదిహేనేళ్ళు. పరిహారం చేతికొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అందరూ ఇళ్ళు విప్పుకున్నారు. కూల్చడానికి మనుషులు వస్తారని తెలిసి మా నాయన ముందే దూలాలు దించాడు. చివరగా ద్వారబంధం పెకలించాడు. నాలుగు రోజులు పట్టింది, విరగకుండా తీయాలి కదా. గడపతో సహా ఎద్దులబండి మీద వేసి కొత్త ఊరికి తెచ్చి, ఒంటి ఇటుక గోడల ఇంటికి దాన్ని నిలబెట్టాడు. ఆ ఇంటికి ఆ ద్వారబంధం ఎంత పెద్దదంటే, బక్కవాడికి తాత కోటు తొడిగినట్టుండేది. మా అమ్మ మరుసటి శుక్రవారమే దానికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఇల్లు మునిగింది గానీ మా ఇల్లు పోలేదని ఆమె లెక్క.

ఆ నాయనే గుడి విషయంలో మాట మార్చాడు. మా ప్రాంతపు సంగమేశ్వరం కూడా అదే నీళ్ళలో మునిగింది. అక్కడి శిల్పాలున్న రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద మళ్ళీ కట్టారు. అట్లాగే మునిగిన కూడవెల్లి ఊరి సంగమేశ్వరుణ్ణి ఆలంపురానికి చేర్చారు. పని శ్రద్ధగా చేశారు, వెళ్ళి చూస్తే ఎవరూ వంక పెట్టలేరు. మా నాయన మాత్రం గట్టు మీది గుడి చూసి వచ్చి, "రాళ్ళన్నీ ఉన్నాయిరా, సంగమం యాడుంది?" అన్నాడు. ద్వారబంధం తెచ్చినవాడివి, గుడి తెస్తే తప్పేంటి నాయనా అని అడిగే ధైర్యం నాకు అప్పుడు లేదు. ఇప్పుడు ఆయన లేడు.

మా నాయన మొక్కింది సంగమేశ్వరంలోనే ఉండిపోయి మునిగిన ఇంకో గుడికి. ఏడు నదులు కలిసే చోట ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకునే లింగం అక్కడుంది. రాయి కాదు, వేప మొద్దు. శివలింగం తెమ్మని భీముణ్ణి కాశీకి పంపితే ముహూర్తానికి రాలేదని, వేపమొద్దునే లింగంగా నిలిపారని కథ. ఏటా నెలల తరబడి ఆ కొయ్య నీళ్ళలోనే ఉంటుంది. వరద వచ్చేటప్పుడు నీళ్ళు గర్భగుడిలోకి పాకేదాకా పూజ చేస్తారు. తర్వాత పడవ మీద వెళ్ళి శిఖరానికి హారతి ఇస్తారు. అదీ మునిగాక నదికే దండం. ఎండలు ముదిరి నీళ్ళు దిగాక బురద ఎత్తిపోసి, కడిగి, సున్నం కొట్టి మళ్ళీ దీపం పెడతారు. నేను ఒకసారి ఆ బురద ఎత్తే రోజు వెళ్ళాను. మోకాలి లోతు ఒండ్రు. ఒక కుర్రవాడు పారతో గోడ పక్క మట్టి తీస్తుంటే పోయినేడు కొట్టిన సున్నం బయటపడింది. అది రాలిపోయి ఉంటుందనుకున్నాను. అక్కడక్కడా పట్టుకునే ఉంది. ఎవరూ దాన్ని కొత్త గుడి అనరు. గుడిని బాగుచేశామని కూడా అనరు. స్వామి బయటికొచ్చాడంటారు.

మా నాయన మాటల్లో పొసగనిదేమిటో నాకు ఈ గూడు దగ్గర నిలబడ్డాక అర్థమైంది. ద్వారబంధంతో పాటు శుక్రవారం పసుపు కూడా కొత్త ఊరికి వచ్చింది, అమ్మ చేతులు వచ్చాయి గనక. గట్టు మీదికి రాళ్ళు వచ్చాయి, ఏటిలో మునిగి తడిబట్టలతో గుడిలోకి రావడం రాలేదు. పవిత్రమైనది రాతిలో ఉంటుందని ఆయన ఎన్నడూ నమ్మలేదు. చేసే పనిలో ఉంటుందని నమ్మాడు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఈ లెక్కన ఆ గూట్లో ఉన్నదాన్ని పెద్దావిడ నీళ్ళొచ్చిన రాత్రే ఎత్తుకుని పైకి వెళ్ళింది, ఆ తర్వాత బెంగళూరుకు తీసుకెళ్ళింది. గోడలో మిగిలిందేమీ లేదు. మరి మూసేస్తే ఏం? చెప్పులు పెడితే ఏం? ఏమీ కాదు. గోడకేమీ కాదు. మాటిచ్చింది నేను, ఏదన్నా అయితే నాకే అవుతుంది.

ఇక అలంకారం సంగతి. దూలాలు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ వేయిద్దామన్న ప్రతిపాదన ఒక రాత్రి వచ్చి తెల్లారేసరికి పోయింది. బండలు తీసి టైల్స్ వేయిద్దామన్నది మూడు వారాలు నడిచింది. చివరికి బేతంచెర్ల బండలకే పాలిష్ పట్టిస్తే అద్దంలా వచ్చాయి, మావాడే ఫోటోలు తీసి పదిమందికి పంపాడు. గవాచికి గట్టి గాజు బిగించాం. వంటిల్లు పూర్తిగా మా ఆవిడ ఇష్టం, అక్కడ నాకు మాట లేదు. కొట్టుగది గోడలకు మాత్రం ఏ పూతా వేయొద్దన్నాను. గీత ఉండనీ. మళ్ళీ నీళ్ళొస్తే బియ్యం డ్రమ్ము ఎంత ఎత్తున పెట్టాలో తెలుస్తుంది. మా ఆవిడ దీన్ని పిచ్చి అంది, అటక మాత్రం గీతకు రెండడుగుల పైన కట్టించింది.

పురోహితుడు చివరికి ద్వంద్వ ప్రవేశమే ఖాయం చేశాడు. నీళ్ళకు చెడిన ఇల్లు, బాగుపడింది, ఎవరు మునిగారన్నది శాస్త్రం అడగలేదన్నాడు. వాస్తు పూజ అప్పుడు ఈశాన్యం మూల అక్షతలు వేస్తూ, నేను మంత్రం పక్కన నా మాట ఒకటి కలుపుకున్నాను, వినపడకుండా. పైన ఉంటున్నాం, ఏమీ అనుకోవద్దని. పాలు పొంగాయి. మేస్త్రీని పిలిచి బట్టలు పెట్టాం. ఆయన గోడకు చెయ్యి ఆనించి చూసి, "ఇంకా ఒక ఎండాకాలం పోనీ సార్, అప్పుడు రంగు" అన్నాడు.

బెంగళూరుకు ఫోన్ చేసి పెద్దావిడకు చెప్పాను. గోడ పేలుతోందా అని అడిగింది. లేదన్నాను. గూడు గురించి ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు. దేవుడి పటాలకు తూర్పు గదిలో వేరే చోటు కుదిరింది. గూట్లో ఇప్పుడు ఒక టార్చిలైటు, మా ఆవిడ బీపీ మాత్రలు, నా కళ్ళజోడు ఉంటున్నాయి. చెప్పులు వాకిట్లో విడుస్తున్నాం.